విన్నదల్లా పంపవచ్చునా?



దివ్యఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన దాసులకు ఒక హెచ్చరిక చేస్తున్నాడు. నీకు జ్ఞానం లేని విషయం వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం ఈ మూడింటి గురించీ విచారణ జరుగుతుందని దాని భావం. ఈ నెల పాఠానికి మేము ఈ ఆయతునే ఎంచుకున్నాము.

ఈ ఆయతు వినగానే మన పాఠకులలో చాలామందికి టీవీ గుర్తుకొస్తుంది. అందులో ఆశ్చర్యం లేదు. పాతికేళ్ళుగా మన జుమా ప్రసంగాలలో, ఇజ్తెమాలలో, ఇటువంటి పత్రికలలో ఈ ఆయతును టీవీకే అన్వయించి చెబుతూ వచ్చారు. కన్ను ఏం చూసింది, చెవి ఏం విన్నది అన్న ప్రశ్నే మనకు అలవాటయింది. అది సరైన ప్రశ్నే. అయితే ఆయతు మొదటి వాక్యాన్ని మనం అంత శ్రద్ధగా చదవలేదని మాకు అనిపిస్తోంది.

తరిగొప్పుల దగ్గర ఒక పల్లెలో మా ఖాలా గారి ఇల్లు ఉంది. మా చిన్నతనంలో వేసవి సెలవులు అక్కడే గడిచేవి. తరిగొప్పుల అప్పట్లో వరంగల్ జిల్లా నర్మెట మండలంలోని గ్రామం. ఏం కొనాలన్నా, రైలెక్కాలన్నా జనగామ పోవలసిందే. ఈటీవీ, జెమినీ టీవీ రెండూ 1995లో మొదలైనా ఆ పల్లెకు కేబుల్ తీగ చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. మేము పన్నెండేళ్ళ వయసులో ఉండగా, అంటే 2001 ప్రాంతంలో, ఖాలా ఇంటికి కలర్ టీవీ వచ్చింది. అదే ఏడాది ఈటీవీ ఉర్దూ ఛానెల్ కూడా ప్రారంభమైంది. “ఇది దీన్ కోసం తెచ్చాము” అని ఖాలూ గారు అందరికీ చెప్పేవారు. ఉర్దూ ఛానెల్ పెట్టిన రోజులు ఎన్నో మేము లెక్కపెట్టలేదు గాని, సాయంత్రం కాగానే ఇంటిల్లిపాదీ తెలుగు సీరియల్ ముందు కూర్చోవడం మాత్రం బాగా గుర్తుంది.

మగ్రిబ్ అజాన్ వినబడగానే ఖాలా గారి అత్తగారు శబ్దం తగ్గించమనేవారు. ఆడవాళ్ళు తల మీద కొంగు సర్దుకునేవారు. బొమ్మ మాత్రం నడుస్తూనే ఉండేది. అజాన్ పూర్తయ్యేసరికి కథానాయిక ఏడుపు ఎందుకో అర్థం కాక పిల్లలమంతా పెద్దవాళ్ళ ముఖాలు చూసేవాళ్ళం. ప్రకటనలు వచ్చినప్పుడు నమాజు, నమాజు ముగిసేసరికి మళ్ళీ సీరియల్. నవ్వు వచ్చినా ఇది మన ఇళ్ళలో చాలావాటి కథ. మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య పిల్లలు సిపారా తీసుకుని కూర్చునే వేళను ఆ పెట్టె తీసుకుపోయింది. ఈ నష్టం గురించి మన ఉలమాలు చెప్పినదానిలో అతిశయోక్తి ఏమీ లేదు.

కాని ఒక మాట. టీవీ ముందు కూర్చున్న మనిషి చూస్తాడు, వింటాడు. అతని పాపమైనా, కాలం వృథా అయినా చాలావరకు అతని గదిలోనే ఉంటుంది. టీవీ అతని చేతికి మైకు ఇవ్వలేదు. ఆ మైకును ఇచ్చింది సెల్‌ఫోన్.

2003లో రిలయన్స్ వాళ్ళు తక్కువ సొమ్ముకు ఫోన్లు ఇచ్చిన తర్వాత పల్లెల్లో కూడా జేబులో ఫోను కనబడడం మొదలైంది. కొద్ది ఏళ్ళలో రింగ్‌టోన్లు, ఎస్సెమ్మెస్ ప్యాకులు వచ్చాయి. సినిమా పాటల రింగ్‌టోన్ మసీదులో మోగితే ఇమాం గారు కోప్పడేవారు. ఆ పాట తీసేసి ఖుర్‌ఆన్ పారాయణం పెట్టుకున్న సోదరులు కొందరు, అది మరుగుదొడ్డిలో మోగినప్పుడు ఏం చేయాలో తెలియక మమ్మల్ని మసాయిల్ అడిగేవారు. ఆ రోజుల్లో మా ఫోన్లకు వచ్చిన సందేశాలలో ఒకటి మరీ ఎక్కువగా తిరిగింది. రంజాన్ వస్తున్నదన్న కబురు అందరికంటే ముందు ఎవరు ఇస్తారో వారిపై నరకాగ్ని నిషిద్ధమైపోతుందని, ఇది ప్రవక్త (సఅసం) వాక్కు అని ఉండేది. హదీసు గ్రంథాలలో దీనికి ఆధారం లేదు. ఐనా ఇప్పటికీ ప్రతి షాబాన్ నెలాఖరులో అది మనకు చేరుతూనే ఉంది. ఉద్దేశపూర్వకంగా తన పేర అబద్ధం చెప్పినవాడు నరకంలో తన చోటు సిద్ధం చేసుకోవాలని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించినట్లు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. పంపేవారు తాము అబద్ధం కల్పించలేదు గదా అంటారు. కల్పించలేదు, నిజమే. మోసుకెళ్ళారు.

మదీనాలో ప్రవక్త మసీదు సేవకుడు షేఖ్ అహ్మద్ కల గురించి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆయనకు కలలో ప్రవక్త (సఅసం) కనబడి ప్రళయం దగ్గరపడిందని చెప్పారట. ఈ కాగితాన్ని అచ్చు వేయించి పంచినవారికి ధనలాభం, పారవేసినవారికి బిడ్డ మరణం అట. మా నాన్నగారి కాలంలో దీనిని ఉర్దూ కరపత్రంగా మసీదు గుమ్మాల దగ్గర పంచేవారు. తర్వాత జిరాక్సు కాపీలయ్యాయి, తర్వాత ఎస్సెమ్మెస్‌లు, ఇప్పుడు వాట్సాప్. ఈ వసీయత్‌నామా ఎంత పాతదో తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపోతారు. డచ్చి పండితుడు స్నౌక్ హుర్‌గ్రోన్యే దీని గురించి 1884లోనే రాశాడు. అప్పుడే వస్తున్నదన్న ప్రళయం నూట నలభై ఏళ్ళుగా అప్పుడే వస్తూ ఉన్నది! సౌదీ అరేబియా ముఫ్తీ షేఖ్ అబ్దుల్ అజీజ్ బిన్ బాజ్ (రహ్మలై) దీనిని పచ్చి అబద్ధమని ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. ఆయన 1999లో పరమపదించారు. కాగితం మాత్రం బతికే ఉంది.

ఇక 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. మరుసటి నెల, అక్టోబరు 11న, జనగామ జిల్లా అయింది, తరిగొప్పుల మండల కేంద్రమైంది. మా ఖాలా గారి మనుమడు ఈ రెండింటినీ కలిపి, “మాకు జిల్లా దగ్గరికొచ్చింది, దునియా చేతిలకొచ్చింది” అనేవాడు. పదహారేళ్ళ కుర్రవాడు అన్నమాట గాని, తేలిగ్గా తీసుకోదగినది కాదు.

2018 రంజాన్‌లో జరిగినది

ఇప్పుడు చెప్పబోయేది మా తప్పు. ఈ పాఠం రాయడానికి అసలు కారణం కూడా అదే.

2018లో మన దగ్గర రంజాన్ మే 17న మొదలైంది. మేము ఒక పట్టణంలో తరావీహ్ చదివిస్తున్నాము. ఒక రాత్రి నమాజు ముగించి వచ్చి ఫోను చూసుకుంటే, మదరసాలో మాతో చదివిన హైదరాబాదు స్నేహితుడు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. నిమిషం కూడా లేదు. ఎవరో వణుకుతున్న గొంతుతో ఉర్దూలో చెబుతున్నారు. బీహారు నుండి వందలాది మంది దిగారు, ఫకీర్లలాగా, దుప్పట్లు అమ్మేవారిలాగా తిరుగుతున్నారు, పిల్లల్ని ఎత్తుకుపోయి అవయవాలు అమ్ముకుంటున్నారు, అందరికీ పంపండి. ఇంతే. ఆ గొంతు ఎవరిదో మాకు తెలియదు. ఏ ఊరిలో, ఎప్పుడు, ఎవరి బిడ్డ అన్న వివరం ఒక్కటీ లేదు. అలసటగా ఉంది, సహరీకి లేవాలి. మేము దానిని మా ఖాందాన్ గ్రూపులో పెట్టాము. పెడుతూ, “పిల్లలు జాగ్రత్త” అని రెండు మాటలు జత చేశాము.

ఆ రెండు మాటలే ఎక్కువ హాని చేశాయని తర్వాత అర్థమైంది. ఊరూ పేరూ లేని గొంతుకు మౌలానా గారి ముద్ర పడింది.

మూడో రోజు మధ్యాహ్నం ఖాలా వాళ్ళ పల్లెలో ఒక అపరిచితుడు ఆటో దిగాడు. భుజాన సంచీ, గడ్డం, చెమటకు తడిసిన కుర్తా. తెలుగు రాదు. చింతచెట్టు కింద ఆడుకుంటున్న పిల్లవాడి తల మీద చెయ్యి వేసి, ముసల్మానుల ఇళ్ళు ఎటువైపు అని హిందీలో అడిగాడు. రంజాన్‌లో ఇటువంటి మనుషులు మన ఊళ్ళకు వస్తారని పాఠకులకు తెలుసు. బీహారు, యూపీ మదరసాల తరఫున రసీదు పుస్తకం పట్టుకుని జకాత్, చందాలు వసూలు చేసుకునే సఫీర్లు. రోజా ఉండి ఎండలో ఊరూరూ తిరుగుతారు. మా గురువులలో ఒకరు యౌవనంలో ఈ పనే చేశారు.

పిల్లవాడు బెదిరి పరుగెత్తాడు. కాసేపట్లో పది పదిహేను మంది కుర్రవాళ్ళు పోగయ్యారు. ఒకరు ఫోను తీసి ఆ గొంతు వినిపించారు. ఒకరు సంచీ లాక్కున్నారు. ఒక చెంపదెబ్బ పడింది. ఆ మనిషి తన పేరు చెబుతున్నాడట, మదరసా పేరు చెబుతున్నాడట, ఎవరూ వినిపించుకోలేదు. ఆ గుంపులో మన పిల్లలూ ఉన్నారు, ఇతరుల పిల్లలూ ఉన్నారు. ఈ విషయంలో తేడా ఏమీ లేదు.

ఆ చెట్టుకు ఎదురుగా కిరాణా దుకాణం ఉంది. దాని యజమానిని ఊరంతా పటేలు అంటారు. ఆయన లేచి వచ్చి ముందుగా సంచీ విప్పించాడు. రెండు జతల బట్టలు, ఒక ముసల్లా, రసీదు పుస్తకం. తర్వాత కుర్రవాళ్ళను అడిగిన ప్రశ్న ఇది.

“ఎవలు చెప్పిండ్రురా మీకు?”

“ఫోన్ల వచ్చింది పటేలా.”

“ఫోను దానంతటది చెప్పదు గదా. నీకు ఎవలు పంపిండ్రు?”

ఒకడు ఇంకొకడిని చూపించాడు. వాడు మరొకడిని. అలా అలా మా ఖాలా మనుమడి దగ్గర ఆగింది. వాడు, “మా మౌలానా చాచా పంపిండు” అన్నాడు. పటేలు అక్కడ ఆగలేదు. వాడి ఫోనుతోనే మాకు ఫోను చేయించాడు.

“మౌలానా సాబ్, పిల్లల్ని ఎత్కపోయేటోళ్ళని మీరు కండ్లార చూసిండ్రా?”

లేదన్నాము.

“మరి చూసినోళ్ళు మీకు చెప్పిండ్రా?”

స్నేహితుడు పంపాడన్నాము. ఆయన చూశాడా అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. “సరే, ఉంట” అని పెట్టేశాడు. కోపంగా కూడా అనలేదు.

ఆ సాయంత్రం మేము స్నేహితుడిని అడిగితే తన బావమరిది పంపాడన్నాడు. బావమరిదికి ఆటో స్టాండు గ్రూపులో వచ్చింది. అక్కడితో దారి తెగిపోయింది. సోదరులారా, మేము మదరసాలో ఎనిమిదేళ్ళు చదివాము. హదీసు చెప్పినవాడు ఎవరు, అతను ఎవరి దగ్గర విన్నాడు, ఇద్దరూ కలుసుకున్నారా, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, సత్యసంధుడేనా అన్నది ఇస్నాద్ పరిశీలనలో చూస్తారు. మధ్యలో ఒక వ్యక్తి తప్పిపోతే ఆ హదీసును మున్‌ఖతి అంటారు. చెప్పినవాడు ఎవరో తెలియకపోతే మజ్‌హూల్ అంటారు. ఇస్నాద్ అనేది ధర్మంలో భాగమని, అది లేకుంటే ఎవరికి తోచింది వారు చెప్పేవారని హజ్రత్ అబ్దుల్లా బిన్ ముబారక్ (రహ్మలై) అన్న మాటను ఇమాం ముస్లిం తన సహీహ్ పీఠికలో చేర్చారు. పరీక్షలో ఈ మాట మీద ప్రశ్న వస్తే మేము పేజీలు నింపాము. ఆ మధ్యాహ్నం చింతచెట్టు కింద ఇస్నాద్ విచారణ చేసింది మాత్రం కిరాణా దుకాణం పటేలు.

వారం తిరగకముందే పత్రికలలో వార్తలు వచ్చాయి. జనగామ నుండి సికింద్రాబాద్ పోయే రైలులో ఆలేరు, భువనగిరి దాటితే బీబీనగర్ వస్తుంది. ఆ మండలంలోని జియాపల్లిలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న అనుమానంతో ఒక మనిషిని కొట్టి చంపారు. మే 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చిన హిజ్రాలపై గుంపు పడింది, ఒకరి ప్రాణం పోయింది. అది రంజాన్ రాత్రి. ఈ వార్త చదివిన రోజు మేము ఇఫ్తార్‌కు ఖర్జూరం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాము.

నాలుక నుండి నాలుకకు

మాట మోయడం గురించి దివ్యఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే వివరమైన పాఠం అన్‌నూర్ సూరాలో ఉన్నది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగివస్తున్నప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) పోయిన తన హారాన్ని వెతుక్కుంటూ వెనుకబడిపోయారు. దళం వెళ్ళిపోయింది. వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను ఒంటెపై ఎక్కించి, తాను నడిచి, దళం దగ్గరకు చేర్చారు. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబై దీనిపై అభాండం వేశాడు. ఇఫ్క్ సంఘటనగా ప్రసిద్ధమైన ఈ ఉదంతం మనందరికీ తెలిసినదే. మేము ఇక్కడ మూడు విషయాలే చూడదలచాము.

మొదటిది, కల్పించినవాడు కపటి. కాని మోసినవారిలో కపటులు కానివారు ఉన్నారు. హజ్రత్ మిస్తహ్ (రజి) బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారు, హజ్రత్ అబూబక్ర్ (రజి) బంధువు, ఆయన పోషణలో ఉన్నవారు. అటువంటి మనిషి నోట కూడా ఆ మాట వెళ్ళింది. మంచివారు పంపారు కాబట్టి మంచి వార్తే అయి ఉంటుందని మనం అనుకోవడానికి వీలు లేదు.

రెండవది, 15వ ఆయతులోని ఒక పదం. ఆ మాటను మీరు మీ నాలుకలతో అందుకున్నారని అల్లాహ్ అంటున్నాడు. మాటను అందుకునేది చెవి గదా! ముఫస్సిరులు ఇక్కడ ఆగి ఆలోచించారు. మాట చెవిలోకి పోయి, హృదయంలో తూకం వేయబడి, ఆ తర్వాత నాలుక మీదికి రావాలి. ఇక్కడ అలా జరగలేదు, ఒక నాలుక నుండి తిన్నగా మరొక నాలుకకు పోయింది. మీరు దానిని చిన్న విషయం అనుకున్నారు, అల్లాహ్ దగ్గర అది చాలా పెద్దది అని ఆ ఆయతు చివరి భావం. మనం మొదట చదివిన బనీ ఇస్రాయీల్ ఆయతును దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ చెవి, కన్ను, హృదయం అని మూడు చెప్పబడ్డాయి. అభాండం మోసినవారు ఆ మూడింటినీ దాటేశారు. ఈ కాలంలో మనకు నాలుక కూడా అవసరం లేకపోయింది. బొటనవేలి నుండి బొటనవేలికి పోతోంది. ఆ రాత్రి ఆ వాయిస్ మెసేజ్‌ను మేము పూర్తిగా ఒక్కసారైనా విన్నామా అని తర్వాత మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నాము. చివరి భాగం వినకుండానే పంపామని ఒప్పుకోవలసి వస్తోంది.

మూడవది అక్కాచెల్లెళ్ళ కథ. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) ప్రవక్త (సఅసం) సతీమణి. ఆయన ఇంట్లో తనతో సమానంగా నిలబడగలిగింది ఆమేనని హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. లోకరీతిన చూస్తే, సవతి మీద పడిన నిందను నమ్మడానికి ఆమెకే ఎక్కువ కారణం ఉంది. ప్రవక్త (సఅసం) ఆమెను అడిగితే, తన చెవినీ కన్నునూ కాపాడుకుంటానని, ఆయిషాలో మంచి తప్ప మరేదీ తనకు తెలియదని అన్నారు. బుఖారీలో ఉన్న ఈ సమాధానంలో బనీ ఇస్రాయీల్ ఆయతులోని చెవి, కన్ను ఎలా వచ్చాయో గమనించండి. ఆమె సొంత చెల్లెలు హమ్నా (రజి) మాత్రం అక్క పక్షాన పోరాడుతున్నాననుకుని ఆ అభాండాన్ని చెబుతూ తిరిగారు. ఒకే ఇంటి ఆడబిడ్డలు. ఒకరి దగ్గర మాట ఆగిపోయింది, ఒకరి దగ్గర నుండి ముందుకు పోయింది. మన ఇళ్ళలో జరిగే దానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. మనవాళ్ళ మీది ప్రేమతో, మన పక్షం మీది అభిమానంతోనే మనం ఎక్కువ అబద్ధాలు పంపుతున్నాము.

మనమే గురి అయినప్పుడు

2012 ఆగస్టులో, అదీ రంజాన్ చివరి రోజుల్లోనే, అస్సాం అల్లర్లకు ప్రతీకారంగా పండుగ తర్వాత ముస్లిములు దాడి చేస్తారని బెంగుళూరులోని ఈశాన్య రాష్ట్రాలవారికి ఎస్సెమ్మెస్‌లు పోయాయి. వేలాది మంది కట్టుబట్టలతో గౌహతి రైళ్ళు ఎక్కారు. రైల్వేవారు ప్రత్యేక రైళ్ళు వేశారు. హైదరాబాదు నుండి కూడా కొందరు వెళ్ళిపోయారు. కేంద్ర ప్రభుత్వం ఒకేసారి ఐదుగురికి మించి ఎస్సెమ్మెస్ పంపకుండా పదిహేను రోజులు ఆంక్ష పెట్టింది. ఆ దాడి జరగలేదు, జరిగే ఆలోచన కూడా ఎవరికీ లేదు. నింద మాత్రం మన మీద పడింది.

2020 మార్చి తర్వాత నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో ఏం జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. వ్యాధి ఎవరికైనా వస్తుంది, జనం గుమిగూడిన చోట ఎక్కువ వస్తుంది, అది నిజం. కాని ముస్లిం అమ్మే పండ్లు కొనవద్దని తిప్పిన వీడియోలు నిజం కాదు. తబ్లీగీ జమాత్‌కు వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఆ ఏడాది ఆగస్టులో వ్యాఖ్యానించింది. అప్పటికే నెలలు గడిచాయి. తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకునే మా దగ్గరి బంధువు ఒకరు ఆ నెలల్లో పది గంటలు తిరిగినా బేరం లేక, కుళ్ళిన టమాటాలు తెచ్చి మేకలకు వేసేవారు. ఆయన బండి దగ్గర ఆగనివారు చెడ్డవాళ్ళు కారు. ఫోనులో చూసినదాన్ని నమ్మారు. ఆ సఫీర్‌ను కొట్టిన కుర్రవాళ్ళు కూడా అంతే. ఒకచోట మనం బాధితులం, మరొకచోట మనం పంపినవారం. ఈ రెండో సంగతిని చెప్పుకోవడానికి మనకు ఇష్టం ఉండదు.

ఇంట్లో ఏం చేయాలి?

దుర్మార్గుడెవరైనా ఒక కబురు తెస్తే నిజానిజాలు విచారించుకోమని, లేకపోతే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతులో ఆదేశం ఉన్నది. అన్‌నిసా సూరా 83వ ఆయతు ఇంకొక మెట్టు చెబుతుంది. భయం కలిగించే కబురు వస్తే దానిని చాటకుండా, విచారించి తేల్చగలిగిన బాధ్యుల దగ్గరకు తీసుకుపోవాలి. పిల్లల అపహరణ వార్త వస్తే ఆ బాధ్యులు ఎవరు? పోలీసు స్టేషను. మన గ్రూపు కాదు. అప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి 2018లో పోలీసులను ఊరూరా పంపి, కళాకారుల చేత పాటలు పాడించి, ఈ పుకార్లు నమ్మవద్దని చెప్పించారు. ఆ పని మన మింబర్ల మీద నుండి కూడా జరిగి ఉంటే బాగుండేది. మేము మాత్రం దానికి విరుద్ధంగా చేశాము.

విన్నదల్లా చెప్పడమే ఒక మనిషి అబద్ధాలకోరు అనడానికి చాలునన్న భావం గల ప్రవచనం కూడా ఇమాం ముస్లిం పీఠికలోనే ఉన్నది. అబద్ధం కల్పించనక్కరలేదు, వడపోత లేకుండా చెబితే చాలు. వాట్సాప్ వారు 2018 జూలైలో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా హద్దు పెట్టారు. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఎక్కువగా తిరిగినవాటికి ఆ హద్దును ఒక్కటికి తగ్గించారు. వ్యాపారం చేసుకునే సంస్థ కూడా హద్దు అవసరమని గ్రహించింది. విశ్వాసికి ఈ హద్దు పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఉంది.

మన ఇళ్ళలో చాలామంది ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. చదివేది తెలుగు. అందుకే ఉర్దూలో ఎవరైనా భారీ గొంతుతో నాలుగు అరబీ పదాలు కలిపి చెబితే అది దీన్ అనుకుని నమ్మేస్తారు. ముఖ్యంగా ఇంట్లోని పెద్ద వయసు ఆడవాళ్ళు. వారిని గద్దించడం వల్ల ప్రయోజనం లేదు. హదీసు అని వస్తే ఏ గ్రంథంలో ఉందో తెలిసిన ఆలిమ్‌ను అడిగిన తర్వాతే పంపుదామని పిల్లలు వారితో ఒప్పందం చేసుకోవాలి. మమ్మల్ని అడగండి. తెలియకపోతే తెలియదని చెబుతాము, అదీ మా చదువులో భాగమే. మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య ఫోన్లన్నీ ఒక గిన్నెలో పెట్టి మూతపెట్టే ఒక కుటుంబాన్ని మేము ఎరుగుదుము. టీవీ కాలంలో పోయిన ఆ గంటను వారు అలా తిరిగి తెచ్చుకున్నారు. మొదటి వారం పిల్లలకంటే తండ్రికే ఎక్కువ కష్టమైందట.

ఇక పంపేసినదాని సంగతి. తౌబా చేసుకుంటే అల్లాహ్ క్షమిస్తాడు. అయితే మన మాట వల్ల ఒక మనిషికి హాని జరిగితే అది దాసుల హక్కు, ఆ మనిషి కూడా క్షమించాలి. అల్ బఖరా సూరా 160వ ఆయతులో, సత్యాన్ని దాచినవారి ప్రస్తావనలో, తౌబాతో పాటు సరిదిద్దుకోవడం, స్పష్టంగా వెల్లడించడం కూడా చెప్పబడ్డాయి. అబద్ధం ఎక్కడెక్కడికి పోయిందో నిజం కూడా అక్కడికి పోవాలని మేము దీని నుండి గ్రహించాము.

పటేలు ఫోను పెట్టేసిన రాత్రి మేము అదే ఖాందాన్ గ్రూపులో, ఆ మాట అబద్ధమని, పంపినందుకు మాది తప్పని రాశాము. పాత సందేశాన్ని తొలగిద్దామంటే అప్పట్లో గంట పైచిలుకు దాటితే కుదిరేది కాదు. ఎవరూ జవాబు ఇవ్వలేదు. మరునాడు ఖాలా గారు ఫోను చేశారు. “బేటా, నువ్వు మొన్న పంపింది నేను మా పుట్టింటి గ్రూపులో వేసిన, మహిళా సంఘం గ్రూపులో వేసిన. నిన్న పంపింది ఎయ్యలే. తప్పయిందని ఎవలన్న ఊరంత చెప్పుకుంటరా?” అన్నారు. వేయమన్నాము. వేశారు. ఆ రెండు గ్రూపుల నుండి అది ఇంకెక్కడికి పోయిందో పట్టుకోవడానికి మేము పది రోజులు ప్రయత్నించాము. నాలుగు ఊళ్ళ దాకా దొరికింది.

సఫీర్ గారు ఆ రోజు ఇఫ్తార్ ఖాలా ఇంట్లోనే చేశారు. రసీదు మీదున్న నంబరుకు మేము ఫోను చేసి, మేమెవరమో చెప్పి, క్షమించమని అడిగాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. క్షమించానన్నారు. తర్వాత మేము ఏ మదరసాలో చదివామని అడిగారు. చెప్పాము. తన తమ్ముడు కూడా అక్కడే చదువుతున్నాడని అన్నారు.